మా వేసవి జట్టు గెలిచిన ఒకే ఒక్క కప్పు

దక్షిణ భారతదేశంలో బేస్‌బాల్ ఆటను ప్రవేశపెట్టినవాణ్ణి నేనే. ఈ మాట ఏ మైకు దొరికినా చెప్పుకుంటూ వచ్చాను. మొదట్లో 'యలహంకలో' అనేవాణ్ణి. ఎవరూ కాదనలేదు. మరుసటేడు 'బెంగళూరులో' అన్నాను. చప్పట్లు కొట్టారు. 'కర్ణాటకలో' అన్న ఏడు శాలువా కప్పారు. కాదనాలంటే ఆ ఆట సంగతి తెలిసినవాడు ఒక్కడైనా ఎదురుగా కూర్చుని ఉండాలి కదా. దక్షిణాది మొత్తాన్ని కలుపుకున్నాక ఇంకా ముందుకు పోదామనే అనుకున్నాను గాని, మా ఆవిడ అడ్డుపడింది.

"ఇంక సాలు. కిందంతా సముద్రమే ఉండాది" అంది.

నిజానికి నేను ప్రవేశపెట్టింది స్టోరు గది తాళంలో తాళంచెవిని. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ వేసవిలో మా జట్టు కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. ఉండేది మారతహళ్ళిలో పీజీలో. ఆదివారం ఆదివారం యలహంక దాకా వచ్చి ఆడతాడు. ఆడే సమయం కంటే ఆడుతున్నట్టు వీడియో తీయించుకునే సమయం ఎక్కువ.

"అంకుల్, సావనీర్ వేస్తున్నాం. టీమ్ హిస్టరీ మీరే రాయాలి. ఒక జర్నీ లాగా, కొంచెం ఎమోషనల్‌గా."

"ఎంత ఎమోషనల్‌గా?"

"చదివితే గూస్‌బంప్స్ రావాలి అంకుల్. స్ట్రగుల్ ఉండాలి. ఫస్ట్ కప్ గెలిచిన సీన్ ఉంది కదా, అది హైలైట్ చేయండి."

ఫస్ట్ కప్ అట. రెండోది ఎక్కడో ఉన్నట్టు.

సరే, ఆ కప్పు గురించే రాస్తున్నాను. ఆనేకల్‌లో ఒక మగ్గాల షెడ్డులో ఒక మనిషి ఈ చరిత్రలో ఒక్క వాక్యం కోసం కాచుకుని ఉన్నాడు. ఆ వాక్యం రాస్తే మా కప్పు విలువ పోతుంది. రాయకపోతే అతని మీద పడిన మచ్చ అతనితోనే ఉంటుంది. అయితే నేను నేరుగా విషయంలోకి దిగిన రోజు నా సర్వీసులోనే లేదు. మొదటినుంచి చెప్పనివ్వండి.

నేను యలహంకలో ఒక కాలేజీలో డ్రిల్లు మాస్టర్‌గా ఉండేవాణ్ణి. ఒక ఏప్రిల్ నెలలో ప్రిన్సిపాల్‌గారు పిలిచి, స్టోరు గదిలో ఏదో గోనెమూట వచ్చి పడింది, ఏమిటో చూడమన్నారు. తాళం తీసి చూశాను. నాలుగు బ్యాట్లు, డజను తోలు బంతులు, కొన్ని చేతి తొడుగులు, ఇనుప ఊచల మాస్కు ఒకటి. దాంతోపాటు ఒక కాగితం. కొత్త ఆటలకు జట్లు కట్టిన కాలేజీల పిల్లలకు క్రీడా సర్టిఫికెట్లు ఇస్తారని దాని సారాంశం.

"ఏమప్పా, ఇది ఏమి ఆట?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"బేస్‌బాల్ సార్."

"నీకు వస్తాదా?"

"నాకు ప్రాణం సార్ ఆ ఆటంటే."

అప్పటిదాకా ఆ బ్యాటును నేను చూసింది సినిమా పోస్టర్ల మీద, రౌడీల భుజాన.

మైకులో నేను అమెరికా కోచ్ దగ్గర శిక్షణ పొందానని చెబుతాను. అది పూర్తిగా అబద్ధం కాదు. చెన్నైలో పది రోజుల క్యాంపుకు పంపారు. వచ్చిన కోచ్ అమెరికావాడే. మూడో రోజున మెస్సు సాంబారు నన్ను పడగొట్టింది. మిగిలిన వారం రోజులూ మంచం మీద పడుకుని కిటికీలోంచి ఆట చూశాను. ఆ కిటికీ మైదానంలో సగానికే తెరుచుకునేది. నాకు వచ్చిన బేస్‌బాల్ కూడా సగమే. క్యాంపు చివర్లో ఇచ్చిన రూల్సు పుస్తకం మాత్రం మొత్తం తెచ్చుకున్నాను. చదివింది ఎంత అని అడక్కండి.

ఇక జట్టు. చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతూ వేసవి సెలవుల్లో ఊరికి పోని పిల్లలను పోగేశాను. అందులో ఆట కోసం వచ్చినవాడు ఒక్కడు లేడు. క్రికెట్ జట్టువాళ్ళు పొమ్మన్నవాళ్ళు ముగ్గురు. సర్టిఫికెట్టు చూపి రైల్వేలో చేరదామనుకున్నవాళ్ళు నలుగురు. ఒకణ్ణి ఒళ్ళు తగ్గాలని వాళ్ళమ్మ పంపింది. తొమ్మిదోవాడు ఎందుకు వచ్చాడో అతనికీ తెలియదు. మూడు వేసవులు ఆడి, ఏ ఆటో అడక్కుండానే డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్ళిపోయాడు.

వేసవిలోనే ఎందుకంటే, మిగతా పది నెలలూ ఆ మైదానం క్రికెట్ దొరలది. ఒక కాలేజీలో ఇరవై ఆటల పేర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి, నేల మీద ఒక్క ఆటే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వాళ్ళు తెల్ల బట్టలు ఇస్త్రీ చేయించుకుని ఖరీదైన కోచింగ్ క్యాంపులకు పోతారు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన ఇంట్లో, కొత్తవాళ్ళు దిగేలోపల సున్నాలవాళ్ళు ఉంటారే, అట్లా మేము రెండు నెలలు ఉండేవాళ్ళం. క్రికెట్ పిచ్ చుట్టూ తాడు కట్టి, అందులో కాలు పెడితే ఊరుకోనని మాలి మమ్మల్ని హెచ్చరించేవాడు. మా రెండో బేసుకు దారి ఆ తాడు మీదుగానే. మావాళ్ళు పరుగు మధ్యలో ఆగి, తాడు దాటి, మళ్ళీ పరుగెత్తేవాళ్ళు.

బ్యాట్లు బస్సులో తీసుకుపోవడం ఇంకో కర్మ. హాకీ కర్రను చూసి ఎవరూ జడవరు. ఈ బ్యాటును చూస్తే బస్సులో పక్క సీటు తనంతట తానే ఖాళీ అయ్యేది. ఒకసారి పోలీసాయన మమ్మల్ని దింపి, ఎవరిని కొట్టబోతున్నారని అడిగాడు. "ఎవరినీ కాదు సార్, బంతిని" అన్నాడు మావాడు. "బంతి యాడుంది?" అన్నాడాయన. బంతులు మరిచిపోయి వచ్చాం. గంటసేపు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. సావనీర్‌లో స్ట్రగుల్ కావాలన్నాడుగా, రాసుకోమనండి.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. నాలుగు మూలల్లో నాలుగు గుర్తులుంటాయి. బంతిని కొట్టి, మూడు మూలలూ తాకి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. ఆ బయలుదేరిన చోటు పేరు హోమ్ ప్లేటు. మాది లారీ టైరు కోసి సున్నం పూసిన పలక. ఆ ప్లేటు వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టేవాడు క్యాచర్. పరుగెత్తి వచ్చేవాడి ఒళ్ళు ప్లేటుకు తగిలేలోగా క్యాచర్ బంతి ఉన్న చేతిని వాడికి తగిలిస్తే వాడు ఔట్. అంతే. బంతిని కొట్టగానే బ్యాటుతో నీ పని అయిపోతుంది. అక్కడ పారేసి పరుగెత్తాలి.

ఆ పారేయడం దగ్గరే వచ్చింది చిక్కు. గల్లీ క్రికెట్‌లో పెరిగిన పిల్లలకు బ్యాటు వదలమంటే బస్సులో సీటు వదలమన్నట్టు ఉంటుంది. కింద పెడితే ఇంకొకడు ఎత్తుకుపోతాడు. పైగా ఆ ఆటలో చేయి చాపి బ్యాటు కొనను గీత లోపల ఆనిస్తే చాలు, బతికినట్టే. మావాళ్ళు నాలుగు మూలలూ బ్యాటు చంకన పెట్టుకునే తిరిగేవాళ్ళు. ప్రతి మూల దగ్గరా వంగి, బ్యాటుతో టైరు పలకను టప్పుమని తట్టి, మళ్ళీ పరుగు.

"పారేయరా దాన్ని!" అని మూడు వేసవులు అరిచాను. మూడో వేసవి చివర నా గొంతు పోయింది గాని వాళ్ళ బ్యాటు పోలేదు. అవతలి జట్లూ అంతే. అందరూ ఒకే తప్పు చేస్తుంటే దాన్ని తప్పనేవాడెవడు? నేనూ అరవడం మానేశాను. చేత పట్టుకుని పరుగెత్తడం రూల్సులో నేరమేమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే కూడా.

ఇప్పుడు ఆ ఫైనల్. ఐదారు కాలేజీల జట్లు ఆడే వేసవి పోటీ. మేము ఎప్పుడూ మొదటి ఆటలోనే ఇంటిముఖం పట్టేవాళ్ళం. ఆ ఏడు రెండు జట్లు ఎండకు జడిసి రాలేదు, ఒక జట్టుకు పరీక్షలు వాయిదా పడి ఇదే వారానికి వచ్చాయి. అట్లా మేము ఒక్క ఆటా గెలవకుండా ఫైనల్‌కు చేరాం. మైకులో దీన్ని 'జైత్రయాత్ర' అంటాను.

ఫైనల్లో ఎదురు వచ్చింది ఆనేకల్ జట్టు. మా జట్టు గురువును నేనే, అంపైరునూ నేనే. అందులో తప్పేమీ ఎవరికీ కనబడలేదు. రూల్సు పుస్తకం నా ఒక్కడి జేబులోనే ఉండేది మరి.

ఆనేకల్ క్యాచర్ ఒక నేత ఇంటి కుర్రాడు, డిగ్రీ రెండో ఏడు. మాకు మూటలో వచ్చిన తొడుగుల్లాంటిది అతనికి లేదు. చెప్పులు కుట్టేవాడితో తోలు కుట్టించుకుని, లోపల పట్టుపోగుల చెత్త కుక్కుకుని తెచ్చుకున్నాడు. చూడ్డానికి బూరెలా ఉండేది. అందులోకి పోయిన బంతి మళ్ళీ అతను ఇస్తేనే బయటికి వచ్చేది. ఆ రోజు ఆ మైదానంలో బేస్‌బాల్ ఆడినవాడు అతనొక్కడే. మిగిలిన పదిహేడు మందీ ఎండలో తిరిగారు.

చివరి ఇన్నింగ్స్. రెండు జట్లకూ సమానం. రైల్వే ఉద్యోగం మీద కన్నున్న మావాడు ఒకడు కళ్ళు మూసుకుని బ్యాటు తిప్పాడు. బంతి దానంతటదే వచ్చి తగిలి, ప్రహరీ పక్కన నీలగిరి చెట్ల దాకా పోయింది. వాడు బ్యాటు పట్టుకునే మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, తాడు దాటడం, మూడు. అటునుంచి బంతి వచ్చింది. క్యాచర్ ప్లేటు ముందు నిలబడి పట్టాడు. మావాడు రెండు గజాల దూరంనుంచి ముందుకు దూకి, బ్యాటు చాపి, కొనతో ప్లేటును తట్టాడు. అదే క్షణంలో క్యాచర్ తొడుగు వాడి వీపు మీద పడింది. దుమ్ము లేచింది. మైదానం పక్కనున్న విమానాల స్థావరం నుంచి లేచిన విమానం ఒకటి సరిగ్గా మా నెత్తిమీదుగా పోతూ ఉంది.

నేను రెండు చేతులూ బార్లా చాపాను. మా ఆటలో దానికి అర్థం, వచ్చినవాడు క్షేమం అని. మా జట్టు గెలిచింది.

మైకులో ఈ కథ ఇట్లా ఉండదు. అక్కడ మావాడు సింహంలా దూకుతాడు. ఆనేకల్ క్యాచర్ బంతి పట్టబోయి వదిలేస్తాడు. "మగ్గం మీద నాడె విసిరే చెయ్యి కదండీ, విసరడమే గాని పట్టడం తెలీదు!" అంటాను. జనం నవ్వుతారు. ఏటా నవ్వారు. నవ్వే చోటును ఏ ముసలివాడు వదులుకుంటాడు? ఆ హాస్యానికి ఒక తోక కూడా తగిలించాను. ఆనేకల్‌లో ఈ రోజుకీ అతనికి ఎవరేమిచ్చినా 'రెండు చేతుల్తో పట్టుకోప్పా, జారిపోతాది' అంటారట, అని. ఈ తోక నేను కల్పించింది కాదు. ఆ ఊరినుంచి వచ్చిన ఒక ఆటగాడు చెబితే విని, కడుపు పట్టుకుని నవ్వి, జేబులో వేసుకున్నాను.

ఈ ఏడు మే నెల చివర వేసవి ఆటలు ముగిశాయి. ఇప్పటి జట్టులో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడతారు. సమానత్వాన్ని తెచ్చిన మొదటి జట్టు మాదేనని చెబుతుంటాను. తొమ్మిది మంది మగపిల్లలు దొరక్కపోవడం దానికి కారణం. ఇప్పటివాళ్ళకు రంగుల తొడుగులు, కళ్ళకు నల్లద్దాలు, వీపుల మీద ఇంగ్లీషులో బిరుదులు. ఒకడి వీపు మీద 'మెషీన్' అని ఉంటుంది. ఆ యంత్రానికి మూడు బంతులు వరసగా తగలకుండా పోతాయి. ఆ జట్టులో నాకు నచ్చింది క్యాచర్ పిల్ల ఒక్కతే. హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. ఎవరితో మాట్లాడదు, బంతి వదలదు.

ముగింపు రోజు మైకు ఇచ్చారు. నేను నా పని నేను చేశాను. సింహం దూకింది, నాడె వచ్చింది, తోక వచ్చింది. "రెండు చేతుల్తో పట్టుకోప్పా" అన్నాను, ఆనేకల్ యాసలో. నవ్వులు. నవ్వులు ఆగాక కూడా ఒక మనిషి నిలబడే ఉంది. క్యాచర్ పిల్ల. మాస్కు తీసి చేత్తో పట్టుకుని ఉంది.

"సార్, అది మా నాయన."

నేను సర్దుకోబోయాను. "ఆటన్నాక అందరికీ జరుగుతాదమ్మా..."

"అది కాదు సార్. చిన్నప్పటినుంచి మా వీధిలో ఆ మాట వింటావుండా. పెండ్లిలో తాంబూలం ఇచ్చినా అదే మాట, అంగట్లో చిల్లర ఇచ్చినా అదే మాట. యాడనుంచి వచ్చిందో మా నాయన ఎప్పుడూ చెప్పలేదు. ఈ దినం తెలిసింది." మాస్కు చంకన పెట్టుకుని అడిగింది. "మీరు చూసినారా సార్? నిజంగా వదిలేసినాడా?"

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. కార్యదర్శి గబగబా వచ్చి మైకు తీసుకుని అందరినీ గ్రూప్ ఫోటోకు పిలిచాడు. తర్వాత నా చెవిలో అన్నాడు: "అంకుల్, ఈ పార్ట్ సావనీర్‌లో వద్దు. నెగటివ్ అవుతుంది."

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఆనేకల్‌నుంచి యలహంకకు, బెంగళూరు ఆ చివరనుంచి ఈ చివరకు, రెండు బస్సులు మారి. తల నెరిసింది, చూపులో ఏ మార్పూ లేదు. చేతిలో గుడ్డసంచి.

"గుర్తుండానా సార్?"

"నిన్ను మరిచిపోతానా అప్పా" అన్నాను. ఈ మాట మాత్రం నిజమే.

మా ఆవిడ కాఫీ తెచ్చింది. అతను లోటాను రెండు చేతులతో అందుకున్నాడు. అందుకునే ముందు ప్యాంటుకు అరచేతులు తుడుచుకున్నాడు కూడా. నేను నా కాఫీలోకి చూసుకుంటూ కూర్చున్నాను.

"కప్పు ఉండాదా సార్ ఇంకా?" అన్నాడు.

"ఎందుకుండదు? కాలేజీలో అద్దాల బీరువాలో, దీపం కింద..."

"ఏ కప్పు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "చింతపండు పెట్టిండే కప్పు ఈడనే ఉండాది కదా!"

రిటైరయిన రోజు ప్రిన్సిపాల్‌గారి గదిలోంచి దాన్ని నేనే తెచ్చుకున్నాను. ఎవరూ అడగలేదు. అతను నవ్వలేదు. ఆ కప్పును చూడాలని కూడా అనలేదు. గుడ్డసంచిలోంచి ఆ పాత తోలు బూరెను తీసి మా టీపాయ్ మీద పెట్టాడు. ఒక పక్క కుట్లు ఊడి, లోపలి పట్టుపోగులు బయటికి వచ్చి ఉన్నాయి.

"కప్పు మీరే పెట్టుకోండి సార్. ఔటా కాదా, అది కూడా నాకొద్దు. మీరు చరిత్ర రాస్తావున్నారంట, మా బిడ్డ చెప్పింది. దాంట్లో ఒక్క మాట రాయల్ల. బంతి జారలేదని. అంతే."

"ఇన్నేండ్లు ఎందుకు అడగలేదప్పా?"

"ఏమని అడిగేది? ఊర్లో నవ్వితే నవ్వుకోనీలే అనుకుంటి. మగ్గం కాడ కూచుంటే ఎవురి మాటా వినపడదు." అతను లోటాను రెండు చేతుల మధ్య తిప్పుతూ ఉన్నాడు. "మొన్న బిడ్డ ఫోన్ చేసింది. 'నాయనా, నువ్వు వదిలేసినావా?' అని అడిగింది. లేదమ్మా అంటి. ఊరుకొనింది. నమ్మినట్ల ఊరుకొనిందో, నొచ్చుకుంటానని ఊరుకొనిందో నాకు తెలీదు సార్. అది తెలీకనే వచ్చినా."

నేను అలవాటు ప్రకారం విమానాన్ని పట్టుకున్నాను. "ఆ రోజు నెత్తిమీద విమానం పోతావుండె అప్పా. ఆ మోత, ఆ దుమ్ము..."

"మోతలో చెవి వినపడదు సార్" అన్నాడతను, మెల్లగా. "కన్నుకేమాయ?"

ఇప్పుడు మీకు చెప్పాలి. నాకు ఆ రూలు తెలియదని ఇంతసేపూ మీరనుకునేలా రాసుకుంటూ వచ్చాను. గల్లీ క్రికెట్ అలవాటు, సగం కిటికీ, చదవని పుస్తకం. అవన్నీ నిజమే, మావాడి బ్యాటు ప్లేటుకు తగలగానే నా చేతులు వాటంతటవి చాపుకున్నాయి. అక్కడితో ఆగి ఉంటే అది తెలియనివాడి తప్పు. కాని చేతులు చాపిన తర్వాత, ఆ క్యాచర్ తొడుగు విప్పి నాకు చూపించాడు. బంతి అందులోనే ఉంది. "బ్యాటు తగిల్తే ఎట్ల సార్ లెక్క? ఒళ్ళు కదా తగలాల్ల?" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో, ఆ మైదానంలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. ఆ మాట వినగానే చెన్నై కిటికీ నాకు గుర్తొచ్చింది. ఆ అమెరికావాడు ఇదే మాట పిల్లలకు చెప్పడం నేను మంచం మీదినుంచి విన్నాను. నా వెనక ప్రిన్సిపాల్‌గారు చప్పట్లు కొడుతున్నారు. మావాళ్ళు ఒకణ్ణి భుజాల మీదికి ఎత్తుతున్నారు. చాపిన చేతులు దించడం నాకు చేతకాలేదు.

అందుకని అన్నాను: "బంతి ముందు జారింది. తర్వాత ఎత్తుకున్నావు. నేను చూసినా."

అతను నా మొహం కేసి చూశాడు. వాదించలేదు. డ్రిల్లు మాస్టర్లతో వాదించని కాలం అది. తొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ అబద్ధాన్ని పెంచి, ముస్తాబు చేసి, ఏటా ఊరేగించాను. క్రికెట్ వాళ్ళను, సర్టిఫికెట్టు కోసం వచ్చినవాళ్ళను, వీపుల మీద బిరుదులు రాయించుకునేవాళ్ళను ఇన్ని పేజీలుగా తిట్టిపోశాను. ఆ మైదానంలో నిజంగా ఆడినవాడి నోరు మూయించింది మాత్రం నేను.

"రాస్తానప్పా" అన్నాను. "కాని రాస్తే మీ వీధిలో ఎవరు చదువుతారు? ఆ సావనీర్‌ను మావాళ్ళే చదవరు. ఫోటో ఎక్కడుందో చూసి మూసేస్తారు."

అతను ఆలోచించాడు. "అదీ నిజమే" అన్నాడు.

"నేనే వస్తా."

మరుసటి వారం వెళ్ళాను. చింతపండు ఇంకో డబ్బాలోకి మారుస్తూ మా ఆవిడ సణిగింది. "ఇన్నాళ్ళకు ఆ కప్పుకు ఒక పని దొరికిండె. అదీ పీకేస్తిరి." కప్పును గుడ్డసంచిలో వేసుకుని, గొడుగు పట్టుకుని మెజెస్టిక్‌లో బస్సు మారాను. బస్సులో పక్కనున్న ఆవిడ ముక్కు ఎగబీల్చి, పులుసన్నం తీసుకుపోతున్నారా అని అడిగింది. ఔనన్నాను.

వాళ్ళ వీధిలో షెడ్డు ఎదురుగా టీ అంగడి ఉంది. ఆదివారం పొద్దున కనక జనం బాగానే ఉన్నారు. హాస్టల్‌నుంచి ఆ పిల్ల కూడా వచ్చింది. నేను కప్పును అంగడి బల్ల మీద పెట్టి, నేనెవరో చెప్పి, ఒక ఉపన్యాసం అందుకున్నాను. ఇంట్లో రాసుకున్నదే. దక్షిణ భారతదేశంలో బేస్‌బాల్ అని మొదలయింది. రెండో వాక్యానికే అంగడివాడు గ్లాసులు కడగడానికి తిరిగాడు.

"సార్, మాటలు సాలు. చూపించండి" అంది ఆ పిల్ల.

చూపించాను. అంగడి ముందు రాయి ఒకటి ప్లేటు అనుకున్నాం. అతను షెడ్డులోంచి ఆ తోలు బూరె తెచ్చుకుని రాయి ముందు నిలబడ్డాడు. నేను గొడుగును బ్యాటులా పట్టుకుని పరుగెత్తాను. డెబ్భై దాటిన మనిషి పరుగును పరుగనుకోగలిగితే. దూకడం నావల్ల కాలేదు, మోకాళ్ళు బొప్పి కట్టేలా కూలబడి గొడుగు చాపి రాయిని తట్టాను. ఆ పిల్ల విసిరిన బంతి టప్పుమని అతని తొడుగులోకి పోయింది, తొడుగు నా వీపు మీద పడింది. గట్టిగానే పడింది. పాతికేళ్ళ పైచిలుకు బాకీ కదా.

"ఇదీ జరిగింది" అన్నాను కిందినుంచే. "బంతి ఆయన చేతిలోనే ఉండింది. నా ఒళ్ళు రాయికి తగల్లేదు. గొడుగు తగిలింది. గొడుగు తగిల్తే లెక్క లేదు. నేను అంపైర్ని, నాకు అది తెలుసు. తెలిసి అబద్ధం చెప్పినా. ఆయన బంతి వదల్లేదు." చెప్పి, చూపుడు వేలు పైకెత్తాను. "ఔట్!"

"సార్, అది క్రికెట్ ఔట్" అంది ఆ పిల్ల. "మన ఆటలో పిడికిలి."

వేలు మడిచి పిడికిలి చేశాను. అంగట్లో ఒక ముసలాయన, తాంబూలాల జోకు వేసేవాళ్ళలో పెద్దవాడై ఉంటాడు, గొంతు సవరించుకుని "అయితే ఇన్నాళ్ళూ మేము ఊరికే నవ్వినామా?" అన్నాడు. ఆ పిల్ల తండ్రి దగ్గరకు పోయి, అతని చేతిలోంచి ఆ తొడుగు తీసుకుని, తన చేతికి తొడుక్కుని చూసుకుంది. అతను ఆమె మొహం కేసి చూసి, చూపు తిప్పుకుని, నన్ను లేపడానికి వంగాడు.

కప్పును ఇవ్వబోతే తీసుకోలేదు. చింతపండు వాసన ఎవరికి కావాలి అన్నాడు. అంగడివాడు టీలు తెచ్చాడు. అతనికి గ్లాసు ఇస్తూ, అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు. నేను ఆ గ్లాసునే చూస్తూ ఉన్నాను. ఇక ఒక చేత్తో పట్టుకుంటాడని నా ఆశ. అతను అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఎప్పటిలాగే, రెండు చేతులతో అందుకున్నాడు.

అన్నేళ్ళ అలవాటు నేను పిడికిలి ఎత్తగానే పోతుందనుకోవడం కూడా నా గొప్పే.

కార్యదర్శికి చరిత్ర పంపించాను. మా జట్టు ఏ పోటీలోనూ, ఏ వేసవిలోనూ, ఎవరి మీదా గెలవలేదని రాశాను. ఆనేకల్ క్యాచర్ బంతి వదల్లేదని దాని కింద విడిగా ఒక వాక్యం రాశాను. కార్యదర్శి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఇందులో గూస్‌బంప్స్ ఎక్కడున్నాయి?"

"మోకాళ్ళ మీద ఉన్నాయి. వచ్చి చూసుకో" అన్నాను.